మమ్మల్ని ఎవరికి పరిచయం చేస్తున్నారు?

ఒక దేశపు పిల్లల్ని ఇంకో దేశానికి పంపి, అక్కడి వాళ్ల ఇళ్లల్లో ఉంచి, అక్కడి బళ్లో ఒక ఏడాది చదివించి వెనక్కి తెచ్చుకోవడాన్ని యువజన మార్పిడి అంటున్నారు. ఆ ఏడాదిలో పిల్లలు నేర్చుకునేదానికి అంతర్ సాంస్కృతిక అవగాహన అని పేరు. డబ్బు పెట్టి ఈ పని చేయించే ప్రభుత్వం దీన్ని సాంస్కృతిక దౌత్యం అని పిలుచుకుంటుంది. మూడూ మంచి మాటలే. ఒక ఇంట్లో అన్నం తిన్నవాడు ఆ ఇంటి మీద బాంబు వేయడానికి వెనకాడతాడన్న నమ్మకం ఈ మాటల వెనక ఉంది. ఆ నమ్మకాన్ని మేము కాదనం. కాని ఈ మంచి మాటల మధ్యకు ముస్లిం అనే మాటను తెచ్చి కూర్చోబెట్టినప్పుడు ఏం జరుగుతుందో చూడాలి. కొల్లేటి పక్కన మండవల్లి లాంటి చోట బతికే సాయిబుల వైపు నుంచి చూడాలి. ఆ వైపు నుంచి చూడమని మమ్మల్ని ఎవరూ అడగరు కాబట్టి మేమే చూస్తున్నాం.

ఈ పని మొదలైన తీరులో గౌరవించాల్సింది చాలా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు సైన్యం కోసం అంబులెన్సులు నడిపిన అమెరికన్ వాలంటీర్ల సంఘం పేరు ఏఎఫ్ఎస్. రెండో యుద్ధంలోనూ వాళ్లు గాయపడ్డవాళ్లను మోశారు. యుద్ధం అయిపోయాక, ఇలా మోసుకుంటూ పోవడం కంటే యుద్ధాలు రాకుండా చూడటం మేలనుకుని 1947 నుంచి స్కూలు పిల్లల మార్పిడికి దిగారు. 1946లో సెనేటర్ ఫుల్‌బ్రైట్ పేరున అమెరికాలో ఒక చట్టం వచ్చింది. ఆ చట్టం కిందే 1950లో ఇండియాతో ఒప్పందం కుదిరి పండితులు, విద్యార్థులు అటూ ఇటూ తిరగడం మొదలైంది. నెత్తురు కళ్లారా చూసినవాళ్లకు వచ్చిన ఆలోచనను ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. మా విమర్శ ఆ ఆలోచన మీద కాదు, అది ప్రభుత్వాల చేతికి వెళ్లాక ఏమైందన్న దాని మీద.

2001 సెప్టెంబర్ 11 తర్వాత ఈ ఆలోచనకు మా చిరునామా దొరికింది. 2002 అక్టోబర్‌లో సెనేటర్లు ఎడ్వర్డ్ కెన్నెడీ, రిచర్డ్ లూగర్ల పూనికతో అమెరికాలో ఒక కార్యక్రమం పుట్టింది. పేరు యూత్ ఎక్స్‌ఛేంజ్ అండ్ స్టడీ. పొట్టిగా యెస్. ముస్లిం జనాభా చెప్పుకోదగ్గంత ఉన్న దేశాల నుంచి హైస్కూలు పిల్లల్ని ఎంపిక చేసి, విమానం టికెట్టు, బీమా, నెలనెలా చేతిఖర్చు అన్నీ ఇచ్చి, ఒక అమెరికన్ కుటుంబంలో ఉంచి ఏడాది చదివిస్తారు. 2003లో మొదటి పిల్లలు వెళ్లారు. ఇండియా కూడా ఆ దేశాల జాబితాలో చేరింది. ఇక్కడ ఆ పని చూసింది అంబులెన్సుల వారసులైన ఏఎఫ్ఎస్ వాళ్లే. 2011 లెక్కల ప్రకారం ఈ దేశంలో ముస్లింలు 17 కోట్ల పైచిలుకు ఉన్నప్పుడు ఇండియా ఆ జాబితాలో ఉండటంలో వింత లేదు. వింత మరోచోట ఉంది.

అదే 2002 సెప్టెంబర్‌లో అమెరికా ఇంకో కార్యక్రమాన్ని కూడా మొదలుపెట్టింది. 25 దేశాల నుంచి వచ్చి అక్కడ ఉంటున్న మగవాళ్లు ఆఫీసుకు వెళ్లి వేలిముద్రలిచ్చి, ఫొటో దిగి, ప్రశ్నలకు జవాబు చెప్పి నమోదు చేయించుకోవాలి. ఆ 25లో ఉత్తర కొరియా ఒక్కటి తప్ప మిగతావన్నీ ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశాలే. ఎనభై వేల మందికి పైగా నమోదయ్యారు. అందులోంచి ఒక్కరి మీద కూడా ఉగ్రవాద నేరం రుజువు కాలేదు. 2011లో దాన్ని ఆపారు. 2016 డిసెంబర్‌లో ఆ నిబంధననే కొట్టేశారు. అంటే పాకిస్తాన్‌లోనో ఇండోనేషియాలోనో ఒక ఇంటి కుర్రవాడికి ఆహ్వానం పంపిన ప్రభుత్వమే అదే ఊరి నుంచి ముందే వెళ్లి అక్కడ పెట్రోలు బంకులో పనిచేస్తున్న అతని బాబాయిని వేలిముద్రలకు పిలిచింది. ఒకే ప్రభుత్వానికి రెండు చేతులు. ఒక చేయి షేక్‌హ్యాండ్ ఇస్తుంటే ఇంకో చేయి జేబులు తడిమింది. 2003 మార్చిలో ఇరాక్ మీద బాంబులు పడ్డాయి. ఆ ఏడాదే యెస్ పిల్లలు అమెరికా బళ్లల్లో అడుగుపెట్టారు. ఇస్లాం అంటే శాంతి అని ఆ పిల్లలు తరగతి గదిలో నిలబడి చెప్పాల్సి వచ్చింది. శాంతి గురించి ఎవరు ఎవరికి చెప్పాలో ఎవరూ అడగలేదు.

మా అభ్యంతరం ఇక్కడ మొదలవుతుంది. మార్పిడికి వెళ్లిన జర్మన్ పిల్లవాడు ఒక పిల్లవాడుగా వెళతాడు. అతనికి లెక్కలు రాకపోవచ్చు, ఫుట్‌బాల్ పిచ్చి ఉండొచ్చు, అలిగి గదిలో కూర్చోవచ్చు. ముస్లిం పిల్లకు ఆ వెసులుబాటు లేదు. ఆమె ఎయిర్‌పోర్టులో దిగిన క్షణం నుంచి వంద కోట్ల పైబడిన మనుషుల తరఫు వకీలు. ఆమె అలిగితే అది ముస్లింల అలక. ఆమె నవ్వితే, చూశారా వీళ్లు కూడా నవ్వుతారు అని మెచ్చుకోలు. పదహారేళ్ల పిల్ల భుజం మీద ఇంత బరువు పెట్టడాన్ని రాయబారం అంటున్నారు. ఉగాండాకు చెందిన పండితుడు మహమూద్ మమ్దానీ 2004లో తన పుస్తకంలో మంచి ముస్లిం, చెడ్డ ముస్లిం అన్న విభజనను విప్పి చూపాడు. ఆయన చెప్పిందేమిటంటే, ఈ విభజన మతంలోంచి వచ్చింది కాదు, అవతలివాళ్ల రాజకీయ అవసరంలోంచి వచ్చింది. ఎవరు తమకు పనికొస్తారో వాళ్లు మంచి ముస్లింలు. మార్పిడి కార్యక్రమం మంచి ముస్లిం కోసం జరిగే ఎంపిక పరీక్ష అయ్యే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఆ పరీక్షలో తప్పినవాళ్లు ఏమవుతారన్నది కూడా ఆ ప్రశ్నపత్రంలోనే దాగి ఉంటుంది.

ఈ పరీక్ష మాకు కొత్త కాదు. క్రికెట్ మ్యాచ్ నాడు ఎవరి పక్షమని అడిగే ఊళ్లో పెరిగినవాళ్లం. ఖాదర్ మొహియుద్దీన్ 1991లో పుట్టుమచ్చ రాసేదాకా ఈ అనుమానపు చూపుకు తెలుగు కవిత్వంలో పేరు లేదు. ఆ తర్వాత జల్జలా, వతన్ లాంటి సంకలనాలు వచ్చి మా గొంతులు మేమే వినిపించుకున్నాం. దేశభక్తిని గుమ్మం దగ్గర చూపించి లోపలికి రావాల్సిన స్థితి గురించి ఇంత రాశాక, అదే స్థితిని సముద్రం అవతల ఇంగ్లీషులో పెట్టి స్కాలర్‌షిప్ అంటే మేము గుర్తుపట్టకుండా ఉంటామా?

ఇంకో ప్రశ్న ఉంది. ముస్లిం సంస్కృతిని పరిచయం చేయండి అని ఆ పిల్లను అడుగుతారు. ఏ సంస్కృతిని? హైదరాబాద్ పాతబస్తీ ఉర్దూ, బిర్యానీ, గోరింట, షేర్వానీ అయితే చూపించడం తేలిక. అవతలివాళ్ల మనసులో ఉన్న బొమ్మకూ సరిపోతుంది. మరి కొల్లేటి చుట్టుపక్కల దూదేకుల ఇంటి పిల్ల ఏం చూపించాలి? ఆమె ఇంట్లో మాట్లాడేది తెలుగు. తినేది చేపల పులుసు. ఇంటిపేరు తెలుగు ఇంటిపేరు. తాత దూది ఏకాడు, అబ్బ పరుపులు కుట్టాడు, అన్న చేపల చెరువు మీద కాపలా ఉన్నాడు. ప్రభుత్వ కాగితాల్లో దూదేకులవారిది బీసీ బి గ్రూపు. తక్కిన ముస్లింలలోని వెనకబడిన కులాలకు 2007 చట్టం బీసీ ఇ పెట్టింది. ఉర్దూ రాని ఈ పిల్లను సాటి ముస్లింలే సగం ముస్లిం అంటారు. తక్కిన ఊరు తురకల పిల్ల అంటుంది. మార్పిడి దరఖాస్తులో ఈ బతుకు పట్టే గడి లేదు. సంస్కృతి అంటే చూపించడానికి వీలైన వస్తువు అనుకున్నంత కాలం ఆమె దగ్గర సంస్కృతి లేనట్టే లెక్క.

అంతర్ సాంస్కృతిక శిక్షణల్లో ఒక పోలిక తరచూ వాడతారు. సంస్కృతి మంచుకొండ లాంటిదట. తిండి, బట్ట, పండగ పైకి కనిపించే కొస. విలువలు, నమ్మకాలు నీళ్ల కింద ఉన్న పెద్ద భాగం. ఈ పోలికను ఎడ్వర్డ్ హాల్ పేరుతో చెబుతారు. ఆయన 1950ల్లో అమెరికా విదేశాంగ శాఖ దౌత్యవేత్తలకు పాఠం చెప్పిన మానవశాస్త్రవేత్త. ఈ విద్య పుట్టిందే దౌత్యవేత్తల బడిలో అన్నమాట. పోలిక బాగానే ఉంది గాని, మంచుకొండ నీళ్లలో ఒంటరిగా తేలుతుంది. అది ఎవరి పొలంలోనూ ఉండదు. దానికి అప్పు లేదు, కౌలు లేదు, కులం లేదు. మా కొల్లేరుకు కాంటూరు ఉంది. ఐదో కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యం అన్నారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లు కొట్టేశారు. గీత లోపల ఎవరు, బయట ఎవరు అన్నదాని మీద ఇప్పటికీ బతుకులు తేలుతున్నాయి, మునుగుతున్నాయి. సంస్కృతి కూడా అలాంటిదే. పైన ఏముంది, కింద ఏముంది అని కాదు, గీత గీసింది ఎవరు అని అడగాలి.

ఆ మాటకొస్తే కొల్లేరు మాకంటే ముందే అంతర్జాతీయమైంది. 2002లో దాన్ని రామ్సర్ జాబితాలో చేర్చారు. రామ్సర్ ఇరాన్‌లో కాస్పియన్ సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. 1971 ఫిబ్రవరి 2న చిత్తడినేలల ఒప్పందం మీద అక్కడ సంతకాలయ్యాయి. ఒక ముస్లిం దేశపు ఊరి పేరు మా సరస్సుకు బిరుదుగా వచ్చింది. కాని ఆ ఊరి వాళ్లను మేము చూడలేదు, మమ్మల్ని వాళ్లు చూడలేదు. 2009లో వనామీ రొయ్యను ఈ దేశంలోకి రానిచ్చారు. అప్పటినుంచి మా జిల్లాల రొయ్య అమెరికా వంటిళ్లకు వెళుతోంది. 2025 ఆగస్టులో అమెరికా ఇండియా సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు మొదట వణికిన వాటిలో ఆంధ్ర రొయ్యల చెరువులు ఉన్నాయి. పక్షికి జాబితా ఉంది, రొయ్యకు మార్కెట్టు ఉంది. రొయ్య తల వలిచే ఆడమనిషికి మాత్రం ఆ దేశంతో పరిచయం లేదు. ఇది ఎవరి మార్పిడి?

ఇప్పుడు మార్పిడి అనే మాట కనిపెట్టకముందు ఈ ప్రాంతంలో ఏం జరిగిందో చెప్పాలి. బందరు అన్న మాటే పారశీకం. రేవు అని అర్థం. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం నుంచి పర్షియా రేవులకు ఓడలు నడిచాయి. కలంకారీలో కలం వాళ్లది, గుడ్డ మనది, అద్దకపు చేయి మనది. ఏలూరు తివాచీ పర్షియా నుంచి వచ్చి స్థిరపడ్డ ముస్లిం నేతగాళ్లు తెచ్చిన పని. తంగెళ్లమూడి మగ్గాల మీద ముడి వెనక ముడి వేసిన ఆ తివాచీలు ఐరోపా ఇళ్లల్లో పరిచారు. మల్కిభరాముడని తెలుగువాళ్లు ముద్దుగా పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్‌షా కొలువులో తెలుగు కవులున్నారు. అచ్చ తెలుగులో మొదటి కావ్యమైన యయాతి చరిత్రను పొన్నిగంటి తెలగన అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చాడు. పిఠాపురం ఉమర్ ఆలీషా పారశీకం నుంచి నేరుగా ఉమర్ ఖయ్యామ్‌ను తెలుగులోకి తెచ్చాడు. రైతు అన్న మాట కూడా అరబ్బీలోంచి వచ్చిందని ఎంతమందికి తెలుసు? ఎవరి నాలుక మీద ఎవరి మాట ఉందో తెలియనంతగా కలిసిపోయినదాన్ని మార్పిడి అనరు, బతుకు అంటారు.

ఇది చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం మా ఉద్దేశం కాదు. లౌకికవాద మిత్రులు ఈ జాబితాను మాకంటే బాగా చదువుతారు. పీర్ల పండగలో హిందువులు పీరు ఎత్తుతారని, ఉరుసులో అందరూ ఫాతిహా ఇప్పిస్తారని చెప్పి కళ్లు తుడుచుకుంటారు. నిజమే, ఎత్తుతారు, ఇప్పిస్తారు. పీరు ఎత్తిన చేయి అద్దె ఇంటి తాళం ఇచ్చేటప్పుడు ఎందుకు వెనక్కి పోతుందని మేము అడుగుతున్నాం. గతంలోని కలయికను ఇప్పటి వివక్షకు మత్తుమందుగా వాడొద్దంటున్నాం. తంగెళ్లమూడి తివాచీని మ్యూజియంలో పెట్టి మెచ్చుకోవడం వేరు, నేతగాడికి పూట గడిచే కూలి ఇవ్వడం వేరు. మొదటిది సాంస్కృతిక దౌత్యం. రెండోది న్యాయం.

సాంస్కృతిక దౌత్యం మా ఊళ్లకు ఇంతకుముందు కూడా వచ్చింది. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల ద్వారా కృష్ణా, గోదావరి పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగాయి. ఉప్పల లక్ష్మణరావు లాంటివాళ్లు మాస్కోలో ఉండి వాటిని తెలుగు చేశారు. సోవియట్ భూమి పత్రిక నున్నటి కాగితాలు పిల్లల పుస్తకాలకు అట్టలయ్యాయి. అదీ ఒక ప్రభుత్వం డబ్బు పెట్టి చేసిన ప్రచారమే. అందులో ఉజ్బెకిస్తాన్ పత్తి పొలాలు నవ్వుతూ కనిపించాయి గాని అక్కడి మసీదులకు పడిన తాళాలు కనిపించలేదు. అయినా ఆ పుస్తకాల్లో ఒక సుగుణం ఉంది. అవి మా భాషలోకి వచ్చాయి. చదవడానికి ఇంటర్వ్యూ లేదు, ఇంగ్లీషు అక్కర్లేదు. సాయిబుల కుర్రవాడూ వడ్డెర కుర్రవాడూ ఒకే పుస్తకాన్ని చేతులు మార్చుకున్నారు. 1991లో సోవియట్ యూనియన్‌తో పాటు అవీ పోయాయి. ఆ తర్వాత వచ్చిన దౌత్యం ఒక్కొక్కరినీ ఏరుకుంటుంది. పుస్తకం ఊరికి వచ్చేది, స్కాలర్‌షిప్ ఊరి నుంచి ఒకర్ని తీసుకెళుతుంది.

ఇక అసలు విషయం. పరాయి దేశంలో పరాయి ఇంట్లో ఉండి, వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల వంట వండి, వాళ్ల పండగలు చూసి తిరిగివచ్చినవాళ్లు గోదావరి జిల్లాల్లో వేలల్లో ఉన్నారు. వాళ్లెవరూ యువ రాయబారులు కారు. కువైట్, మస్కట్, దుబాయ్ ఇళ్లల్లో పనికి వెళ్లిన ఆడవాళ్లు. దళితులు, బీసీలు, ముస్లింలు. ఊళ్లో దాన్ని ఖద్దామా వీసా అంటారు. ఎక్స్‌ఛేంజ్ విద్యార్థికి హోస్ట్ ఫ్యామిలీ, ఈమెకు కఫీల్. ఆ పిల్లకు నెలనెలా చేతిఖర్చు, ఈమెకు ఏజెంటు అప్పు. ఆ పిల్ల పాస్‌పోర్టు ఆ పిల్ల దగ్గరే, ఈమె పాస్‌పోర్టు చాలాసార్లు యజమాని బీరువాలో. కువైట్ 2015లో ఇంటిపనివాళ్ల కోసం చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదని, వారానికి ఒక రోజు సెలవివ్వాలని, పాస్‌పోర్టు లాక్కోకూడదని అందులో ఉంది. చట్టం చేయాల్సి వచ్చిందంటే అంతకుముందు ఏం జరిగిందో ఊహించుకోవచ్చు. మన ప్రభుత్వం ఇలాంటి పనికి వెళ్లే ఆడవాళ్లకు ముప్పై ఏళ్లు నిండాలని నిబంధన పెట్టింది. యువజన మార్పిడికి యువత కావాలి, పాచిపనికి ముప్పై దాటాలి. రెండు దౌత్యాలకు రెండు వయసులు.

ఈమె నేర్చుకున్నది తక్కువేం కాదు. బడిలో నాలుగో తరగతి దాటని మనిషి అరబ్బీ మాట్లాడుతుంది. ఫిలిప్పీన్స్, శ్రీలంక, ఇథియోపియా ఆడవాళ్లతో కలిసి పనిచేసి వాళ్ల కష్టం తెలుసుకుంటుంది. క్రైస్తవ దళిత స్త్రీ రంజాన్ నెలంతా ఇఫ్తారు వండి వస్తుంది. ముస్లిం స్త్రీ నేర్చుకునే పాఠం ఇంకా పదునైనది. అరబ్బు యజమానురాలూ తనూ ఒకే కిబ్లా వైపు తిరిగి నమాజు చేస్తారు, కాని నమాజు కాగానే ఒకరు మేడమ్, ఒకరు పనిమనిషి. ఉమ్మత్ అంతా ఒకే కుటుంబం అని మజీదులో విన్న మాటకు వంటగదిలో హద్దు కనిపిస్తుంది. మాలోని పెద్దలకు ఇది వినడానికి ఇబ్బందిగా ఉంటుంది. ఉన్నా వినాలి. మతం ఒకటైనంత మాత్రాన సమానత్వం రాదని, మతాలు వేరైనంత మాత్రాన స్నేహం ఆగదని ఆమె స్వయంగా తెలుసుకుని వచ్చింది. అంతర్ సాంస్కృతిక అవగాహన అంటే ఇది కాకపోతే మరేమిటి? తిరిగివచ్చాక ఆమెను ఏ సభలోనూ మాట్లాడమనలేదు. ఎంత తెచ్చావని మాత్రం అందరూ అడిగారు.

పరిచయం పెరిగితే ద్వేషం తగ్గుతుందన్న సిద్ధాంతానికి మూలపురుషుడు గార్డన్ ఆల్‌పోర్ట్. 1954లో రాసిన పుస్తకంలో ఆయన నాలుగు షరతులు పెట్టాడు. కలిసినవాళ్లు సమాన హోదాలో ఉండాలి. ఇద్దరికీ ఒకే లక్ష్యం ఉండాలి. పోటీపడకుండా కలిసి పనిచేయాలి. చట్టం, ఆచారం, అధికారం ఆ కలయికను సమర్థించాలి. మార్పిడి ప్రచారకులు సిద్ధాంతాన్ని పట్టుకుని షరతుల్ని వదిలేశారు. కువైట్ వంటింట్లో మొదటి షరతే లేదు. యెస్ విద్యార్థి విషయంలో నాలుగోది వంకరపోయింది. ఆహ్వానించిన ప్రభుత్వమే 2017 జనవరిలో ఏడు ముస్లిం దేశాలవాళ్ల రాకను నిషేధించింది. 2025 జూన్‌లో విద్యార్థి, ఎక్స్‌ఛేంజ్ వీసా అడిగే ప్రతి ఒక్కరూ తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచి పెట్టాలని చెప్పింది. మనసు విప్పి మాట్లాడు అని పిలిచి, నువ్వు మాట్లాడిందంతా ముందు మాకు చూపించు అంటే ఎవరు మాట్లాడతారు? తుడిచేసిన ఖాతాతో, తుడిచేసిన నాలుకతో వెళ్లినవాడు అక్కడ చెప్పేది తన సంస్కృతి గురించి కాదు, తన భయం గురించి.

అమెరికాను తిట్టి తృప్తిపడితే మా పని సగమే అయినట్టు. ఇండియాకూ సాంస్కృతిక దౌత్యం ఉంది. దానికి పునాది వేసింది మౌలానా అబుల్ కలాం ఆజాద్. 1950 ఏప్రిల్‌లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ కల్చరల్ రిలేషన్స్‌ను స్థాపించింది ఆయనే. మక్కాలో పుట్టి, అరబ్బీ, పారశీకం, ఉర్దూ తెలిసిన మనిషి ఈ దేశపు కిటికీలు తెరిచాడు. ఆయన పేరు మీద ప్రభుత్వం 1989లో పెట్టిన మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌ను 2024 ఫిబ్రవరిలో మూసేయమని ఉత్తర్వు వచ్చింది. పరిశోధన చేసే మైనారిటీ విద్యార్థులకు ఆయన పేరుతో ఇచ్చిన ఫెలోషిప్‌ను 2022 డిసెంబర్‌లో ఆపేశారు. మైనారిటీ పిల్లలు విదేశాల్లో చదవడానికి తీసుకున్న అప్పు మీద వడ్డీ భరించే పథకం పఢో పరదేశ్. 2022-23 నుంచి అదీ లేదు. ఆజాద్ తెరిచిన కిటికీలోంచి బిర్యానీ, కవ్వాలీ, తాజ్‌మహల్ బొమ్మ బయటికి వెళుతున్నాయి. ఆ వంట వండినవాడి కొడుకు బయటికి వెళ్లే తలుపు మాత్రం మూసుకుంది. సచార్ కమిటీ 2006లోనే చెప్పింది, 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది బడి మొహం చూడలేదు, లేదా మధ్యలో మానేశారు అని. ఆ నాలుగో వంతుకు ఏ మార్పిడీ అందదు.

దేశం లోపలి మార్పిడి కూడా ఇలాగే ఉంది. ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్ పేరుతో ఆంధ్రప్రదేశ్‌ను పంజాబ్‌తో జత కట్టారు. మన పిల్లలు భాంగ్రా నేర్చుకోవడం సంతోషమే. అమృత్‌సర్ దాకా వెళ్లి వచ్చిన పిల్లవాడికి తన ఊరి మజీదు వీధిలోకి, మాలపల్లెలోకి, కొల్లేటి లంకల్లోకి వెళ్లే దారి తెలుసా అన్నది మా ప్రశ్న. దూరంగా ఉన్నవాడిని ప్రేమించడం సులభం, వాడు అద్దెకు ఇల్లడగడు, పిల్లనడగడు, పక్క బెంచీలో కూర్చోడు. గుడివాడ, భీమవరం లైనులో మండవల్లి చిన్న స్టేషను. ఆ ప్యాసింజరు బండిలో అన్ని కులాలూ, మతాలూ ఒకే బల్ల మీద కూర్చుంటాయి. దిగాక ఎవరి వీధికి వాళ్లు పోతారు. ఆల్‌పోర్ట్ షరతులు బండి దిగగానే ఆగిపోతాయి.

మా ఇళ్ల గురించీ చెప్పాలి. కార్యక్రమం ఎంత మంచిదైనా, పదో తరగతి అయిన ఆడపిల్లను ఏలూరు కాలేజీకే పంపని ఇళ్లు మాలో ఉన్నాయి. లోకం చెడ్డది అంటారు. కువైట్‌కు తల్లిని పంపడానికి అడ్డురాని లోకం కూతురు చదువుకు ఎలా అడ్డొస్తుందో వాళ్లు చెప్పరు. తల్లి సంపాదన కావాలి, కూతురి తెలివి వద్దు. పైగా ఉర్దూ వచ్చిన పట్నం ముస్లిం పిల్లలే ముస్లింలకు ప్రతినిధులని, తెలుగు ముస్లింలు, దూదేకులవాళ్లు, లద్దాఫ్‌లు లెక్కలోకి రారని అనుకునే పెత్తనం మాలోనూ ఉంది. బయటి ఆధిపత్యాన్ని ఎదిరించేవాడు లోపలి ఆధిపత్యాన్ని దాచిపెడితే వాడి మాట ఎవరూ నమ్మరు.

కాబట్టి మేము వద్దనడం లేదు. ఎవరింటి పిల్లకైనా అవకాశం వస్తే వెళ్లమనే చెబుతాం. ఇంకో భాష, ఇంకో ఆకాశం చూడమంటాం. 2009 నుంచి అమెరికా పిల్లల్ని ఇటువైపు పంపే భాగాన్ని కూడా యెస్‌లో కలిపారు, అదీ మంచిదే. కాని మా అడగడాలు కొన్ని ఉన్నాయి. ఎంపిక పట్నాల ఇంగ్లీషు మీడియం బడుల దగ్గర ఆగకూడదు. ఇంటర్వ్యూ తెలుగులో జరగాలి, ఇంగ్లీషు వెళ్లాక నేర్చుకుంటుంది. వెళ్లిన పిల్లను నీ మతం తరఫున జవాబు చెప్పు అని నిలబెట్టకూడదు. ఆమెకూ తిరిగి అడిగే హక్కు ఉండాలి. ఇరాక్ గురించి, వేలిముద్రల గురించి, రొయ్య మీద సుంకం గురించి ఆమె అడిగితే దాన్ని కృతఘ్నత అనకూడదు. ఈ దేశం మూసేసిన ఫెలోషిప్‌లనూ, వడ్డీ రాయితీనీ మళ్లీ తెరవాలి. ఇవేవీ చేయకుండా స్నేహం గురించి మాట్లాడితే అది గెస్టుహౌసులో ఫొటో దిగడమే.

అన్నిటికంటే ముందు ఖర్చు లేని పని ఒకటుంది. అందుకు వీసా అక్కర్లేదు, సెనేటర్లు అక్కర్లేదు. కువైట్ నుంచి తిరిగివచ్చిన ఆడమనిషి ఈ ఊళ్లోనే ఉంది. బడిలో పిల్లల ముందు ఆమెను కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఎవరింట్లో ఉన్నావు, ఏం వండావు, ఏ భాషలో ఏడ్చావు, ఎవరితో నవ్వావు అని అడగండి. ఆమె చెప్పేది రాసుకోండి. ఎంత తెచ్చావని మాత్రం అడగకండి.